పెన్న యొడ్డున తాడిపత్రి

రాయలసీమ పేరు పత్రికలో కనబడినంతనే చదువరి మనస్సునకు కరువు తోచుట అలవాటైపోయినది. అందును అనంతపురము సీమను గూర్చి వేఱుగ చెప్పనక్కరలేదు. నైరృతి ఋతుపవనము తన నీటిని పడమటి కనుమల కావలనే దించుకొని యిచ్చటికి వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరముననే అలసిపోవును. ఏడాది మొత్తము మీద సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడిన పడును, లేకున్న లేదు. అందుచే ఈ పీఠభూమిని దానికి లేని వస్తువుతోనే గుర్తించుటకు లోకము అలవాటుపడినది, మనమును అలవాటుపడితిమి. ఉన్నదేమని యడిగినవారు తక్కువ. ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక యూరిని చూపవలసియున్నచో మేము తాడిపత్రిని చూపుదుము.

ఇటీవల వేసవిలో మేము ఆ పట్టణమునకు పోయివచ్చితిమి. అనంతపురమునకు ఈశాన్యముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, మద్రాసునుండి బొంబాయికి పోవు పాత రైలుమార్గము మీద ఈ యూరున్నది. 1871లో రాయచూరు వద్ద రెండు కంపెనీల పట్టాలు కలసి ఆ దారి పూర్తియైన నాటినుండి ఎందఱో యాత్రికులు ఈ స్టేషను మీదుగా సాగిపోయిరి. దిగి చూచినవారు కొలదిమంది. ఊరు సమీపించుచుండగనే ఇది రాతిమీద బ్రతుకు పట్టణమని తెలిసిపోవును. దారి కిరుప్రక్కల నల్లని నాపబండలు దొంతులుగా నిలువబెట్టియుండును. కోతయంత్రముల రొద, పాలిషుచేయు చోట్లనుండి జారు బూడిదవన్నె నీరు, గాలిలో రాతిదుమ్ము. నాలుగైదు వందల యేండ్లకు పూర్వము కూడ ఈ యూరు రాతిని నమ్ముకొన్నదే. అప్పటి రాతిపనికిని ఇప్పటి రాతిపనికిని గల భేదము నదియొడ్డునకు చేరిన పిమ్మట తెలియును.

పెన్న కన్నడసీమలోని నందికొండల ప్రాంతమున పుట్టి, హిందూపురము వైపున తెలుగుదేశమున ప్రవేశించి, పామిడి మీదుగా తాడిపత్రికి వచ్చును. ఇచ్చటినుండి గండికోట కొండలను చీల్చుకొని కడపసీమలో పడి, కడకు నెల్లూరుసీమలో సముద్రమును చేరును. మొత్తము నడక 597 కిలోమీటర్లు. మేము చూచిన నాడు నదిలో నీరు లేదు. నది యన్నది ఇసుక. ఇసుక నడుమ తుమ్మచెట్లు. అక్కడక్కడ లోతైన గుంటలు. ఈ యెండిన నదికి దక్షిణపు గట్టున బుగ్గ రామలింగేశ్వరుని దేవాలయమున్నది.

బుగ్గ యన నీటియూట. ఈ యాలయమున లింగము అడుగున నీరూరుచుండుటచే స్వామి కా పేరు వచ్చినది. బయట యెండకు కాళ్లు కాలుచుండగా లోపల గర్భగృహమున తడి తగులును. నీటికై ఆకాశమువంక చూచు సీమలో ప్రజలు తమ దేవుని ఊటమీద నిలుపుకొనుట యాదృచ్ఛికమని మేము తలపము. ఏది దుర్లభమో దానిని మన పెద్దలు దైవముగ భావించిరి. దైవముగ భావించినదానిని కాపాడిరి. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే గనుక చదువరులు దీనిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఈ గుడిని 1490కిని 1509కిని నడుమ పెమ్మసాని రామలింగనాయుడు కట్టించెనని చెప్పుదురు. విజయనగర ప్రభువులకు లోబడి ఈ ప్రాంతము నేలిన నాయకుల వంశమది. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కుటకు ముందటి రెండు దశాబ్దుల కాలమన్నమాట. గుడికి ముఖ్యమైన శోభ దాని గోపురములు. మన గుడిగోపురములలో సామాన్యముగా నిలువుగా నుండు క్రింది భాగము రాతితోను, పై యంతస్తులు ఇటుక సున్నములతోను కట్టుదురు. చూపరి కన్ను పైకి పోవును. క్రింది రాతిభాగమును ఎవ్వరును అంతగా పట్టించుకొనరు. ఇచ్చట పైభాగము లేదు. శిఖరములు లేని గోపురములు నదిగట్టున నిలచియున్నవి. కాని ఆ క్రింది భాగమున శిల్పి వదలిపెట్టిన చోటు జానెడైన లేదు. అడుగున పీఠపు వరుసలు, వానిపై స్తంభికలు, గూళ్లు, గూళ్లలో దేవతామూర్తులు, లతలు, హంసలు, యాళులు. గట్టి నల్లరాతిలో చెక్కిన యా పనిమీద శతాబ్దుల యెండ పడినను, గాలికెగసిన ఇసుక తగిలినను, అంచులు నేటికిని మొద్దుబారలేదు. కంసాలి బంగారముమీద చేయు పనిని ఇచ్చటి శిల్పి రాతిమీద చేసినాడు.

ఊరిలో రెండవ గుడి చింతల వేంకటరమణస్వామిది. చింతచెట్టులో స్వామి దొరకెనని యూరివారి కథ. దీనిని ఆ పెమ్మసాని వంశీయుడే యగు తిమ్మనాయుడు కట్టించెను. ముందు రథాకారమున చెక్కిన గరుడమంటపము. హంపీ విఠలాలయము ముందటి రాతిరథమును చూచినవారికి ఇది దాని తమ్ముడని తోచును. నలువది స్తంభముల ముఖమంటపము, గోడలమీద రామాయణ కథయు, కృష్ణలీలలును వరుసగా చెక్కియున్నవి. చదువురాని కాపునకు అవియే గ్రంథములు. ఎండవేళ పొలమునుండి వచ్చి యా మంటపమున కూర్చున్నవాడు తల యెత్తిన చాలును, కథ యెదుటనుండును.

ఇట్టి పనులు ఈ యెండు నేలమీద ఎట్లు సాధ్యమయ్యెను? దీనికి జవాబు గుడిగోడలమీద లేదు. చెఱువుకట్టల మీద నున్నది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేటికి అడ్డముగ కట్టవేసి చెఱువు నిర్మించెను. ఆ కట్ట రెండు కొనలందు వెలసిన పల్లెలే బుక్కరాయసముద్రము, అనంతసాగరము. నేటి అనంతపురమునకు పేరు అచ్చటినుండి వచ్చినది. అనగా ఈ సీమకు రాజధానియైన పట్టణమే ఒక చెఱువుకట్ట మీద పుట్టినది. నీరు ముందు, ఊరు తరువాత, ఊరు నిలద్రొక్కుకొన్న పిమ్మట గుడి. ఈ వరుసను విజయనగర కాలపు పాలకులు ఎఱిగియుండిరి. చెఱువు త్రవ్వించుట, గుడి కట్టించుట రెండును ఒకే పుణ్యపు పట్టికలో వ్రాసికొనిరి. మనము గుడిని మాత్రము చూచి మురియుచు చెఱువును మఱచితిమి.

తాడిపత్రి గోపురములను లోకమునకు పొగడి చెప్పినవాడు ఒక స్కాట్లండు దేశస్థుడు. జేమ్సు ఫెర్గూసన్ అను నాతడు 1808లో జన్మించెను. వంగదేశమున నీలిమందు వ్యాపారము చేసి, ఆ పిమ్మట మన దేశపు కట్టడములను పరిశీలించుటకే జీవితము నంకితము చేసెను. 1876లో హిందూదేశ వాస్తుశిల్ప చరిత్రను ప్రకటించెను. ఆతడు మన శిల్పము నంతటిని మెచ్చుకొన్నవాడు కాడు. ద్రావిడాలయములయందు తప్పులెన్నుటలో మొగమాటపడలేదు. అట్టివాడు తాడిపత్రి గోపురముల శిల్పమును, దాని సంపదను, అభిరుచిని ఆ శైలిలోని పనులన్నిటికంటె మిన్నగ నెంచినాడు. నేటికిని మనలో పలువురు ఈ గుడిని పరిచయము చేయుచు మొదట ఆతని పేరే చెప్పుదురు. పరదేశీయుడు మెచ్చినదాకా మన యింటి వస్తువు విలువ మనకు తెలియకపోవుట లజ్జాకరము. అయినను ఆతడు చెప్పినది నిజమగుటచే దానిని త్రోసివేయ నక్కరలేదు.

కాని ఆ సంవత్సరమును మఱవరాదు. 1876. లండనులో ఆ గ్రంథము అచ్చయిన యేటనే ఈ సీమలో వానలు విఫలమైనవి. 1876నుండి 1878 వఱకు సాగిన మహాక్షామము బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలను పీల్చివేసినది. నేటి అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది. అప్పటికి ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. గోపురముల చెక్కడపు పనిని అక్కడ పండితులు చదివి ఆశ్చర్యపడుచున్న దినములలో, ఇక్కడ ఆ గోపురముల నీడను ఆకటి ప్రజలు గంజికై నడచిరి. రాతికి వచ్చిన ప్రశస్తి మనుష్యునికి అన్నము పెట్టలేదు. ఇది ఫెర్గూసను దోషము కాదు. కాని కట్టడమును దాని నేలనుండియు, నీటినుండియు, జనమునుండియు వేఱుచేసి పొగడు పొగడ్త ఎంత పలుచనిదో ఇంతకంటె స్పష్టముగ చెప్పు నిదర్శనము మాకు దొరకలేదు.

ఇక ఫెర్గూసను పుట్టిన యూరిని గూర్చి రెండు మాటలు. ఆ యూరి పేరు ఏర్. దాని ప్రక్కన సముద్రమున కలయు నదికిని అదే పేరు. మన ఏరు అను పదముతో దానికి చుట్టరికము లేకున్నను వినుటకు ముచ్చటగనే యున్నది. ఆ నదిమీద సుమారు 15వ శతాబ్దినాటి రాతివంతెన యొకటి కలదు. ఇరుకైనది, పాతది. దాని చెంతనే 1788లో విశాలమైన క్రొత్తవంతెన కట్టిరి. ఆ దేశపు జనప్రియకవి రాబర్టు బర్న్సు ఈ రెండు వంతెనలు వాదులాడుకొన్నట్లు ఒక కావ్యమును వ్రాసెను. చిత్రమేమన, 1877 వరదలలో దెబ్బతినినది క్రొత్తవంతెనయే. దానిని మరల కట్టుకొనవలసివచ్చినది. ఇక్కడ నీరు లేక జనము కూలిన సంవత్సరముననే అక్కడ నీరు హెచ్చి వంతెన దెబ్బతిన్నది. పాతవంతెన మాత్రము నిలచినది. 20వ శతాబ్ది ఆరంభమున అదియు శిథిలమై, దానిని పడగొట్టవలెనను మాట పుట్టగా, ప్రజలు ఒప్పుకొనలేదు. చందాలు పోగుచేసిరి, పునాదులు బాగుచేయించిరి, 1910లో దానిని తిరిగి నడకకు తెఱచిరి. నేటికిని జనులు దానిమీద నడచుచున్నారు.

ఆ దేశముననే క్లైడునది యొడ్డున గ్లాస్గో నగరము కలదు. ఆ పేరు మన రైతులకు క్రొత్తది కాదు, తెలియకయే తెలిసినది. దత్తమండలములకు 1800లో మొదటి ప్రధాన కలెక్టరుగ వచ్చిన తామసు మన్రో 1761లో ఆ నగరమున పుట్టినవాడే. ఆతని తండ్రి వర్జీనియా పొగాకు వ్యాపారి. ఆ పొగాకు బానిసల చెమటతో పండినదనియు, ఆ నగరపు మేడలలో ఆ చెమట కొంత కలదనియు మఱవరాదు. మన్రో ఏడు సంవత్సరములు ఇచ్చటనుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. శిస్తు భారమైనదని తానే గ్రహించి నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. వారు వెంటనే వినలేదు. రైతులు ఆతనిని అభిమానించి బిడ్డలకు మన్రోలప్ప అని పేరుపెట్టుకొనిరి. మంచిని మంచి యనుటకు మాకు సంకోచము లేదు. కాని ఆతని హయామున ఎనుబదిమంది పాలెగాండ్ర యధికారము తొలగిపోయినది. వారిలో క్రూరులు లేకపోలేదు. అయినను చెఱువుకట్ట తెగినపుడు, గుడి గోడ బీటలువాఱినపుడు జనము ఎవరి వాకిట నిలువవలెనో ఆ వాకిళ్లు మూతపడినవి. వాని స్థానమున వచ్చిన కచ్చేరికి శిస్తు పద్దు తెలిసినంతగ గుడి గోడ తెలియదు. నాటినుండి మన పురాతన కట్టడములకు యజమానులుండిరి గాని సంరక్షకులు లేకపోయిరి.

గ్లాస్గోలో ప్రాచీన ప్రధానదేవాలయము నేటికిని నిలచియున్నది. 16వ శతాబ్దిలో మతసంస్కరణోద్రేకమున స్కాట్లండు దేశమందలి పెద్ద దేవాలయములు పెక్కు పాడుపడగా, ఆ నగరపు వృత్తిపనివారి సంఘములు అడ్డము నిలచి దీనిని కాపాడెనని చెప్పుకొందురు. రాజు కాదు, మతాధిపతి కాదు; వడ్రంగులు, కమ్మరులు, రాతిపనివారు. వారును అన్నిటిని కాపాడుకొన్నవారు కారు. అదే నగరమున మెకింటాషు రూపొందించిన ప్రసిద్ధ కళాశాల భవనము 2014లో ఒకసారి, 2018లో మఱియొకసారి అగ్నికి ఆహుతియైనది. కావున పరదేశీయులకు సర్వము తెలియుననియు మనకేమియు తెలియదనియు మేము వాదింపము. ఒక్క విషయము మాత్రము గ్రహింపదగినది. ఏర్ వంతెనను గాని గ్లాస్గో దేవాలయమును గాని నిలిపినది శాసనము కాదు, ఊరు.

మనకు శాసనములు లేవా? ఉన్నవి. పురాతన కట్టడముల రక్షణకు 1904లో ఒక చట్టము, స్వతంత్రము వచ్చిన పిమ్మట 1958లో మఱియొకటి చేయబడినవి. 2010 సవరణచే రక్షిత కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త కట్టడము నిషిద్ధము; ఆపైని 200 మీటర్లు అనుమతికి లోబడినవి. తాడిపత్రి యాలయములు రెండును కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనివి. కంచె కలదు, పలక కలదు. కాని చట్టమునకు రాయి కనబడును. రాతి ప్రక్కన నది కనబడదు. నదికి వేఱు చట్టము. 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టమున ఇసుక త్రవ్వకమునకు హద్దులు గలవు. ఆ హద్దులను నదిలోని గుంటలకు ఎవరైన చదివి వినిపించిరో లేదో మాకు తెలియదు.

మేము గట్టున నిలచి యా గుంటలను చూచుచుండగా, ఒకప్పుడు బండల పనిచేసి ఇప్పుడు విశ్రాంతిగ గుడినీడను కూర్చుండు వృద్ధుడొకడు మాటకలిపెను. "ఏటిలో ఇసకుంటే ఊటుంటాది సామీ. మా చిన్నప్పుడు చేత్తో చెలమ తీస్తే నీళ్లు. ఇసకంతా బండ్లెక్కి పాయె. ఇంగ బుగ్గకు నీళ్లు యాడనుంచి వస్తాయి?" అని యడిగెను. ఇది భూగర్భశాస్త్రజ్ఞుని వాక్యము కాకపోవచ్చును. బుగ్గ యూటకు మూలమెక్కడో తేల్చువారు శాస్త్రజ్ఞులే. కాని ఇసుక నది కడుపులోని నీటికుండయని, ఆ కుండ పగిలిన యొడ్డున బావులడుగంటునని ఈ సీమ రైతులకు ఎవ్వరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. ఇసుకలో కాలువ తీసి, ఊరిన నీటిని పొలమునకు మళ్లించు ఊటకాలువల సేద్యము ఈ యేళ్ల వెంబడి పూర్వులు చేసినదే. పై యెత్తున పెన్నకు ఆనకట్టలు పడినవి. తుంగభద్ర యెగువకాలువ నీరును ఈ సీమకు వచ్చినది. ఎండిన పొలములకు నీరు మళ్లించుట తప్పని మేమెన్నడు ననము. అందుచే తాడిపత్రి వద్ద ప్రవాహము ఏడాదిలో కొలదిదినముల ముచ్చట యైనది. ప్రవాహము తగ్గిన నదికి ఇసుకయే మిగిలిన ధనము. పారని నది వట్టి భూమియే గదా యని దానిని కూడ బండికెత్తుట ఇల్లాలి మెడలోని కడపటి పుస్తెను అమ్ముకొనుటవంటిది.

ఏమి చేయవలెనని యడుగువారికి మా మనవి మూడు మాటలు. మొదటిది, తాడిపత్రి భూస్వాములును, వర్తకులును, బండల పరిశ్రమవారును కూడి ఒక సంరక్షక సంఘముగ నేర్పడవలెను. పురావస్తుశాఖ పనిని తాము చేయుటకు కాదు. ఆ శాఖ చేయవలసినది చేయుచున్నదో లేదో కనిపెట్టుటకు, గుడిగోడకు మేకు కొట్టువానిని, సున్నము పూయువానిని ఆపుటకు. రాతితో ధనమార్జించు పట్టణము రాతికి ఋణపడియున్నది. రెండవది, గుడి యెదుటి నదిభాగమును ఎగువను దిగువను కొంతమేర ఇసుకకు గాని, మురుగునకు గాని, రాతిబురదకు గాని తావులేని ప్రదేశముగ ప్రకటించి, దానిని పాటింపజేయు బాధ్యతను ఊరు వహింపవలెను. గట్టు లేని గుడి తల లేని మొండెము. మూడవది, ఉలిపట్టు పిల్లలకు ఆ గోపురములను బడిగ చేయవలెను. ఊరిలో వేలకొలది బండలను యంత్రము కోయుచున్నది. ఒక హంసను చేతితో చెక్కగలవారు ఎందఱున్నారని మేము విచారింపగా సంతృప్తికరమైన సమాధానము దొరకలేదు. ఈ మూడింటికిని ప్రభుత్వపు సొమ్ముకంటె ఊరి పట్టుదల యెక్కువ కావలెను.

1928లో నంద్యాలలో మన పెద్దలు కూడి, పరులు పెట్టిన దత్తమండలములను పేరు తీసివేసి, ఈ సీమకు రాయలసీమ యని నామకరణము చేసికొనిరి. పేరు తెచ్చుకొనుట గొప్పపని. దానికి తగియుండుట అంతకంటె గొప్పపని. రాయల పేరు ధరించిన సీమలో రాయలనాటి గుడి యెదుట నది గుంటలుపడి యుండరాదు.

సాయంకాలమున మేము వెడలునప్పుడు ఎండ వాలి గోపురపు ప్రక్కగోడమీద పడినది. చెక్కిన ప్రతి గీతకును నీడ వచ్చి పని యంతయు లేచి నిలచినట్లయ్యెను. శిఖరము లేదను లోపము అప్పుడు మాకు కానరాలేదు. ఆ శిఖరములను ఇప్పుడు మనము కట్టనక్కరలేదు. నాయకులు విడిచిన పని రాతిది. అది అట్లేయున్నను శోభయే. మనకు మిగిలిన పని నీటిది. గర్భగృహమున బుగ్గ ఊరుచున్నంతకాలము, దాని యెదుట నది నదివలె నున్నంతకాలము, ఆ గోపురములు అసంపూర్ణములని ఎవ్వరును అనజాలరు. నది పోయిన దినమున మాత్రము అవి నిజముగనే అసంపూర్ణములగును. ఆ దోషము రామలింగనాయునిది కాదు, మనది.